రెండు చేతుల డావ్రోస్

యాభై ఏళ్లు దాటిన మనిషి, మనవల్ని ఎత్తుకోవలసిన వయసులో, అయిదంగుళాల ప్లాస్టిక్ బొమ్మ కోసం వేలంపాటలో పోటీ పడుతున్నాడంటే చూసేవాళ్లకు నవ్వు రావడం సహజం. ఆ నవ్వులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే 'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ టెలివిజన్ ధారావాహిక విషయంలో మాత్రం ఆ నవ్వు కాస్త తొందరపాటని నా అభిప్రాయం. ఒక ప్రసార సంస్థ తన చేతులతో తానే చెరిపేసుకున్న కథలను ఆటబొమ్మలు, చవక పుస్తకాలు, ఇళ్లలోని టేప్ రికార్డర్లు కలిసి కాపాడుకొచ్చిన వైనం అది. బొమ్మల మీద మమకారాన్ని ఆ నేపథ్యంలో చూడాలి. అలా చూసినప్పుడు ఆ మమకారంలో ఏది మెచ్చదగినదో, ఏది కాదో కూడా తేటపడుతుంది.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1963 నవంబర్ 23, శనివారం సాయంత్రం బీబీసీలో ఈ ధారావాహిక మొదలైంది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన మర్నాడన్నమాట. ఆ వార్తల హోరులో మొదటి భాగాన్ని చాలామంది చూసి ఉండరన్న శంకతో, వారం తిరిగాక రెండో భాగానికి ముందు దాన్నే మళ్లీ వేశారు. పేరు చెప్పని ఒక వృద్ధుడు, బయటినుంచి చూస్తే మనిషి పట్టేంత నీలిరంగు పెట్టె, లోపల అడుగుపెడితే విశాలమైన గది. ఆ పెట్టె కాలంలోనూ ప్రయాణిస్తుంది, లోకాల మధ్యా ప్రయాణిస్తుంది. మొదటి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్. లక్నోలో పుట్టినవాడు, నవలాకారిణి అతియా హుస్సేన్ కొడుకు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కు ఇరవై ఏడు. ఆనాటి బీబీసీ పెద్దల గదుల్లో ఒక భారతీయ యువకుడు, ఒక యువతి కలిసి పిల్లల కోసం విజ్ఞాన కల్పన తీస్తామంటే ఎలాంటి చూపులు ఎదురై ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఆ నీలిపెట్టె సంగతి విడిగా చెప్పుకోవాలి. 1963లో అది బ్రిటన్ వీధుల్లో కనబడే పోలీసు పెట్టె. లోపల టెలిఫోను ఉంటుంది, ఆపదలో ఉన్నవాడు పోలీసులను పిలవడానికి. కాలనౌక ఎక్కడ దిగితే అక్కడి పరిసరాల్లో కలిసిపోవాలి, అందుకని వీధిలో ఎవరూ తల తిప్పి చూడని వస్తువు రూపం దానికి ఇచ్చారు. యంత్రం చెడిపోయి ఆ రూపంలోనే ఉండిపోయిందని కథ. కాలక్రమంలో నిజం పోలీసు పెట్టెలు వీధుల్లోంచి మాయమయ్యాయి. మారువేషం మాత్రం మిగిలింది. ఆ ఆకృతి మీద వాణిజ్యచిహ్నపు హక్కు తమదంటే తమదని లండన్ పోలీసులకూ బీబీసీకీ వివాదం నడిచి, 2002లో తీర్పు బీబీసీ పక్షాన వచ్చింది. పోలీసు పెట్టె పోలీసులది కాకుండా పోయింది! ఒక కల్పన తాను అరువు తెచ్చుకున్న వాస్తవాన్ని ఇంత నిండుగా మింగేసిన సందర్భం నాకు మరొకటి తోచడం లేదు.

ఇక బొమ్మల కథ డాలెక్కులతో మొదలవుతుంది. ప్రేక్షకులు వాటిని మొదట చూసింది 1963 డిసెంబరులో. ఉప్పూ మిరియాల డబ్బాలాంటి ఆకారం, అడుగున చక్రాలు, ఒక చేతికి బదులు ఆయుధం, రెండో చేతికి బదులు రబ్బరు పంపులాంటిది. కాళ్లు కనబడవు, మొహం ఉండదు. గుడ్లు మిటకరించే రాక్షసులు వద్దే వద్దని నాటక విభాగాధిపతి సిడ్నీ న్యూమన్ మొదటే కట్టడి చేశాడు. డాలెక్కులను చూసి ఆయన మండిపడ్డాడు కూడా. దేశం మాత్రం వెర్రెత్తిపోయింది. 1964, 65 సంవత్సరాల్లో బ్రిటన్‌లో డాలెక్ లేని బొమ్మల దుకాణం లేదన్నా అతిశయోక్తి కాదు. వాటిని కాగితం మీద సృష్టించిన రచయిత టెర్రీ నేషన్ హక్కుల్లో వాటా నిలుపుకుని ధనవంతుడయ్యాడు. ఆ ఆకారానికి కర్త అయిన రేమండ్ క్యూసిక్ బీబీసీ జీతగాడు. ఆయనకు దక్కింది కొద్దిపాటి పారితోషికం, పిల్లల కార్యక్రమం వారిచ్చిన ఒక బిళ్ల. పిల్లలు కొనుక్కున్నది కథనా, ఆకారాన్నా? ఆకారాన్నే కదా. ఈ అన్యాయం గురించి అభిమానులు ఇప్పటికీ బాధపడుతుంటారు, నాకూ అందులో భాగముంది. 2013లో క్యూసిక్ చనిపోయాడు.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన ఉదంతం ఒకటుంది. 1973లో వచ్చిన ఒక కథలో నిద్రాణంగా ఉన్న పదివేల డాలెక్కుల సైన్యాన్ని చూపించాలి. బీబీసీ దగ్గర నిజంగా కదిలే డాలెక్కులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఏం చేశారు? లూయీ మార్క్స్ కంపెనీవారు పిల్లల కోసం అమ్మే డాలెక్ బొమ్మలు తెచ్చి వరసగా పేర్చి చిత్రీకరించారు. కార్యక్రమాన్ని చూసి బొమ్మ తయారైంది. ఆ బొమ్మే తిరిగి కార్యక్రమంలో నటించింది. ఆ వారం తెరమీద కనబడిన సైన్యంలోంచి ఒక సిపాయి ఇంట్లో చాప కింద పడి ఉన్నాడన్నమాట, ఎందరో పిల్లలకు. అసలు ఏది, నకలు ఏది అన్న ప్రశ్న ఈ ధారావాహికలో ఎప్పుడూ గట్టిగా నిలవలేదు.

అసలు సంగతికి వస్తాను. 1960లలో వీడియో టేపు ఖరీదైన సరుకు. తుడిచి మళ్లీ వాడుకోవడం మామూలు ఆచారం. నటుల సంఘంతో ఉన్న ఒప్పందాల వల్ల పాత కార్యక్రమాలను పదే పదే ప్రసారం చేసే వీలు లేదు. రంగుల టెలివిజన్ వచ్చాక నలుపు తెలుపు బొమ్మలు ఎవరిక్కావాలన్న ధీమా దానికి తోడైంది. టేపులు తుడిచారు. విదేశాలకు అమ్మడం కోసం తీసిన ఫిల్ము ప్రతులను కూడా, హక్కుల గడువు తీరాక, 1970ల చివరిదాకా నాశనం చేస్తూ పోయారు. మొదటి ఆరేళ్లలో వచ్చినవి 253 భాగాలు. 2013లో నైజీరియాలో తొమ్మిది భాగాలు దొరికాయి. అప్పటికీ ఇంకా 97 భాగాల జాడ లేదు.

ఆ శిథిలాలలోంచి దొరికినవాటి తీరు చూడండి. రెండు భాగాలు 1983లో లండన్‌లో ఒక చర్చి నేలమాళిగలో దొరికాయి. ఒకటి 1999లో న్యూజిలాండులో ఒక ఫిల్ముల సేకరణదారు దగ్గర బయటపడింది. ఆస్ట్రేలియాలో సెన్సారువాళ్లు పిల్లలు భయపడతారని కత్తిరించిన ముక్కలు అక్కడి దస్తరాల్లో భద్రంగా ఉండి 1996లో బయటికొచ్చాయి. మొత్తం కథ పోయింది, చూపించకూడదని తీసేసిన తునకలు మాత్రం మిగిలాయి! ఇక పోయిన ప్రతి భాగానికీ శబ్దం మాత్రం ఉంది. ప్రసార సమయంలో టెలివిజన్ ముందు టేప్ రికార్డరు పెట్టి, 'ఎవరూ మాట్లాడకండి' అని ఇంట్లోవాళ్లను బతిమాలుకుని రికార్డు చేసుకున్న కుర్రవాళ్ల చలవ అది. సంస్థ చెయ్యని పని పిల్లలు చేశారు.

ఇప్పుడు బొమ్మల్ని ఈ వెలుగులో చూడాలి. 1983 దాకా ఈ ధారావాహిక వీడియో క్యాసెట్టుగా అంగట్లో దొరకలేదు. శనివారం సాయంత్రం చూసింది చూసినంతే. మళ్లీ ఎప్పటికీ కనబడదనే లెక్క. ఆ చూసినదాన్ని నిలుపుకోవడానికి పిల్లవాడికి ఉన్న ఆధారాలు రెండే. ఒకటి, టార్గెట్ వారి చవక నవలలు. వాటిలో అరవైకి పైగా టెరెన్స్ డిక్స్ ఒక్కడే రాశాడు; తెరమీది కథను వందా నూట ఇరవై పేజీల్లోకి దించడంలో ఆయన సిద్ధహస్తుడు. ఒక తరానికి చదవడం అలవాటు చేసిన ఘనత ఆయనకు దక్కాలని నేను నమ్ముతాను. రెండోది, బొమ్మ. 1975లో వీటాబిక్స్ అల్పాహారపు డబ్బాల్లో అట్టముక్కల బొమ్మలు ఇచ్చారు. మరుసటేడో ఆ పైయేడో డెనిస్ ఫిషర్ కంపెనీ, అంటే రంగురంగుల చక్రాలతో కాగితం మీద ముగ్గులు గీసే స్పైరోగ్రాఫ్ తెచ్చినవారే, గుడ్డ బట్టలు తొడిగిన బొమ్మలు తెచ్చింది. నాలుగో డాక్టరు టామ్ బేకర్, మెడలో పొడవాటి మఫ్లరు. (ఆ మఫ్లరు అంత పొడవు ఎందుకయిందంటే, అల్లడానికి ఇచ్చిన ఊలంతా అల్లేయాలి కాబోలనుకుని ఆవిడ అల్లేసిందట. అల్లినావిడ పేరు బెగోనియా పోప్.) అదే వరసలో సైబర్‌మన్ కూడా ఉన్నాడు. మనిషి శరీరంలోని ఒక్కొక్క భాగాన్నీ యంత్రంతో మార్చుకుంటూ పోయి చివరికి మనసు కూడా తీసేసుకున్న జాతి అది. ముక్కూ మొగమూ లేని ఆ జీవికి డెనిస్ ఫిషర్ వారు చక్కటి ముక్కు పెట్టారు!

డాపోల్ కంపెనీ బొమ్మలు 1980ల చివరలో వచ్చాయి. పొరపాట్లలో వాటిది ఒక ప్రత్యేక సంప్రదాయం. డాక్టరు పెంచుకునే లోహపు కుక్క కె-9 తెరమీద బూడిదరంగు. డాపోల్ వారిది ఆకుపచ్చ. కాలనౌక నడిపే బల్లకు ఆరు వైపులుంటాయి. డాపోల్ బల్లకు అయిదు. డాలెక్కులను సృష్టించిన దుష్ట శాస్త్రవేత్త డావ్రోస్‌కు ఎడమచెయ్యి లేదు. ఆ పాత్ర భయానకత్వంలో సగం అక్కడే ఉంది. డాపోల్ వారి మొదటి డావ్రోస్‌కు రెండు చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. తర్వాత తప్పు తెలుసుకుని ఒక చెయ్యి తీసేశారు.

ఈ తప్పుల గురించి చెప్పేటప్పుడు అభిమానులు నవ్వుతూనే చెబుతారు, కానీ ఆ నవ్వులో వాత్సల్యం ఉంటుంది. ఎందుకని ఆలోచిస్తే నాకు తోచేది ఇది. ఆ బొమ్మలు జ్ఞాపకం పనిచేసే పద్ధతిలోనే తయారయ్యాయి. ఎప్పుడో ఒకసారి చూసినదాన్ని తలుచుకుంటే రంగు మారుతుంది, ఒక వైపు తగ్గుతుంది, లేని చెయ్యి మొలుస్తుంది. అసలు భాగం బీరువాలో ఉంటే సరిచూసుకోవచ్చు. అసలే లేనప్పుడు ఆకుపచ్చ కుక్కే కుక్క. అందుకే ఇంగ్లీషువాళ్లు నాస్టాల్జియా అని పిలిచే దానికి మనం 'గతస్మృతి', 'స్మృతివ్యామోహం' అని బరువైన మాటలు కట్టడం నాకు నచ్చదు. మనకు 'బెంగ' ఉంది. పసివాడు తల్లి మీద పెట్టుకునేదీ, ఊరు విడిచినవాడు ఊరి మీద పెట్టుకునేదీ అదే. బెంగ పెట్టుకున్నవాడికి కొలతలు సరిపోవాలన్న పట్టింపు ఉండదు.

మరి మెచ్చనిది ఏమిటి?

1989 డిసెంబరులో ఆగిపోయిన ధారావాహిక, మధ్యలో 1996లో ఒక్క టెలివిజన్ చిత్రంగా తళుక్కుమని, 2005 మార్చి 26న రసెల్ టి. డేవిస్ చేతుల్లో మళ్లీ మొదలైంది. క్యారెక్టర్ ఆప్షన్స్ కంపెనీ అయిదంగుళాల బొమ్మలు తెచ్చింది. ఇవి మంచి బొమ్మలు. నటుల పోలికలు చక్కగా దిగాయి, కీళ్లు కదులుతాయి, ధర పిల్లల తాహతులో ఉండేది. తొలి ఏళ్లలో పిల్లలు వాటితో నిజంగా ఆడుకున్నారు. 2013లో కంపెనీ బొమ్మల పరిమాణాన్ని మూడుముప్పావు అంగుళాలకు కుదించింది. సేకరణదారులు గగ్గోలు పెట్టారు: పాత బొమ్మల పక్కన ఇవి ఎలా నిలబడతాయి? చివరికి పాత కొలతే తిరిగి వచ్చింది. పిల్లవాడికి డాలెక్ పొట్టిదయితే ఏం, పొడుగుదయితే ఏం? వరస చెడిందని బాధపడేవాడు వరస పేర్చుకున్న పెద్దవాడు. బొమ్మ ఎవరి కోసం తయారవుతున్నదో ఆనాడే తేలిపోయింది. ఆ తర్వాత వచ్చినవి ఎక్కువగా పాత అచ్చులకే కొత్త రంగు వేసి, కోటు మార్చి, కథ పేరుతో జతలుగా కట్టిన పెట్టెలు. కొన్నవాళ్లలో చాలామంది ఆ పెట్టె విప్పరు. విప్పితే విలువ పడిపోతుంది.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినప్పుడు మెట్ల మీది బొమ్మల్ని ముట్టుకోవద్దని మన పెద్దవాళ్లూ కసిరేవారు. కానీ ఆ కొలువు మూడు రోజుల ముచ్చట, పేరంటం అయ్యాక మళ్లీ పెట్టెలోకే. ఆ బొమ్మను తాకినా పసుపుకుంకుమల చేతులే తాకాయి, బేరం ఆడే చేతులు కావు. విప్పని ప్లాస్టిక్ పొరలో ఉన్న డావ్రోస్‌ది అలాంటి కొలువు కాదు, కారాగారం. ఎన్ని చేతులున్నా ఒక్కటే.

బొమ్మలతో ఆగిపోతే పెద్ద నష్టం లేదు. ఎవరి డబ్బు వారిది. ఆ పెట్టె విప్పని బుద్ధి కథ మీదికి మళ్లినప్పుడే చిక్కు. అది ఒకసారి జరిగింది కూడా. 1985 జనవరిలో సైబర్‌మన్‌ల దాడి అంటూ ఒక కథ వచ్చింది. 1967 నాటి సైబర్‌మన్‌ల సమాధి కథ తెలిస్తే తప్ప అందులో సగం అర్థం కాదు. ఆ పాత కథ అప్పటికి బీబీసీ దగ్గరే లేదు! చూసే పిల్లల్లో చాలామంది అది ప్రసారమయ్యేనాటికి పుట్టి ఉండరు. ఎవరి కోసం రాసినట్టు? గుర్తున్నవాళ్ల కోసం, గుర్తున్నామని చెప్పుకునేవాళ్ల కోసం. ఆ ఏడే ధారావాహికకు ఏడాదిన్నర విరామం ప్రకటించారు. కారణాలు అనేకం, బీబీసీ పెద్దలకు ఇది నచ్చకపోవడం అందులో ముఖ్యమైనది. అయినా ఇంటిల్లిపాదీ కోసం పుట్టిన కార్యక్రమం పాతకాపుల సంఘంగా ముడుచుకుపోవడం కూడా అందులో ఒకటని నేను అనుకుంటాను. కొసమెరుపు ఏమిటంటే, పోయిందనుకున్న ఆ సమాధి కథ హాంగ్‌కాంగ్‌లో దొరికి 1992లో క్యాసెట్టుగా వచ్చింది. పాతికేళ్లుగా మహాద్భుతమని చెప్పుకున్నవాళ్లలో కొందరు చూసి కాస్త నీళ్లు నమిలారు. నాకు మాత్రం అది ఇప్పటికీ మంచి కథే. మహాద్భుతం కాదు, మంచి కథ. దానికి అంతకన్నా గౌరవం అక్కర్లేదు.

నిజానికి ఈ ధారావాహికకు ప్రాణం పోసిందే మార్పు. 1966లో మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం చెడితే, పాత్రను చంపకుండా, పోలికే లేని పాట్రిక్ ట్రౌటన్‌ను తెచ్చి ఇతనే అతనన్నారు. పరకాయప్రవేశం కథలు విన్న మనకు ఇది వింతగా తోచదు గానీ, టెలివిజన్‌లో అది సాహసం. ఆ ఒక్క ఉపాయంతో అరవై ఏళ్లు గడిచాయి. 2017లో ఆ పాత్ర స్త్రీ అయినప్పుడు, తరువాత నల్లజాతివారికి దక్కినప్పుడు, 'మా చిన్ననాటి డాక్టరు ఇలా ఉండేవాడు కాదు' అని గోల చేసినవాళ్లు తమ చిన్ననాటి డాక్టరే అంతకుముందటి డాక్టరులా లేడని మరిచిపోయారు. రాసిన ప్రతి కథా బాగుందని నేననను. జోడీ విటకర్ కాలంలో నీరసమైన కథలు చాలా ఉన్నాయి. కానీ నీరసమైన కథ వేరు, మారిన మొహం వేరు.

ఆవిడ కాలంలోనే 2018 నవంబర్ 11న వినయ్ పటేల్ రాసిన 'డీమన్స్ ఆఫ్ ది పంజాబ్' వచ్చింది. 1947 ఆగస్టు; సరిహద్దు గీత పొలాల మధ్యనుంచి పోతోంది; హిందూ యువకుడికీ ముస్లిం యువతికీ పెళ్లి. ఆ పెళ్లిలో అతడు ఆమెకు చేతి గడియారం ఇస్తాడు. అది కింద పడి ఆగిపోతుంది. బాగుచేయిద్దామంటే ఆమె వద్దంటుంది. ఆ క్షణం తమదని, అలాగే ఉండనిమ్మని. అదే రోజు అతడు చనిపోతాడు, సొంత తమ్ముడు పిలుచుకొచ్చిన మూక చేతిలో. డాక్టరు చూస్తూ ఉంటుంది తప్ప ఆపలేదు. రాక్షసులనుకున్న గ్రహాంతరవాసులు నిజానికి ఎవరూ లేకుండా చనిపోయేవారికి సాక్షులుగా నిలబడటానికి వచ్చినవారని తేలుతుంది. దశాబ్దాల తరువాత ఆమె ఆ పగిలిన గడియారాన్ని ఇంగ్లండులో మనవరాలికి ఇస్తుంది. ఎందుకు పగిలిందో చెప్పదు. లక్నో కుర్రవాడు తొలి కథ తీసిన యాభై అయిదేళ్లకు, భారతదేశపు గాయం మీద ఆ కార్యక్రమం ఇంత మర్యాదగా చెయ్యి వేసింది. పాత డాలెక్కులనే తిప్పి తిప్పి చూపమన్నవాళ్ల మాట వింటే ఈ కథ వచ్చేదా?

ఆ గడియారాన్ని బొమ్మల కంపెనీవారు ఏం చేసుకోగలరు? పెట్టెలో పెట్టి, అచ్చంగా అదే చోట పగలగొట్టి, పరిమిత సంఖ్యలో అమ్మగలరు. కొనేవాళ్లూ ఉంటారు. రెండు చేతుల డావ్రోస్‌కు, ఈ గడియారానికి ఉన్న చుట్టరికం అందులోకి రాదు. వాటి విలువ అంతా అవి ఒకరి చేతిలో పడి, ఆ చేతిలో అరిగి, తప్పుగానైనా ఏదో ఒకటి గుర్తు చేయడంలో ఉంది.

2023 నవంబర్ 1న బీబీసీ తన ఐప్లేయర్‌లో 800కు పైగా పాత భాగాలను ఒక్కసారిగా అందుబాటులో పెట్టింది. ఒకప్పుడు తుడిచినవారే ఇప్పుడు దండిగా వడ్డించారు. అయితే ఆ రోజు ఆ వడ్డనలో మొట్టమొదటి కథ, వారిస్ హుస్సేన్ తీసినది, లేదు. దాని రచయిత వారసుడితో హక్కుల తగాదా. తరువాత డిస్నీతో కలిసి తీసిన భాగాలు 2025 మే 31తో ముగిశాయి. ఆ భాగస్వామ్యం ఇక లేదని, 2026 క్రిస్మస్‌కు ఒక ప్రత్యేక కథ ఉంటుందని అదే ఏడు అక్టోబరులో ప్రకటించారు. ఇక అయిపోయిందని అప్పుడే శోకాలు మొదలయ్యాయి. 1989లోనూ ఇలాగే అన్నారు. ఈ మధ్యలో ఎవరి దగ్గరైనా ఆకుపచ్చ కుక్క పెట్టెలో మూలుగుతుంటే, బయటికి తీసి ఏ ఆరేళ్ల పిల్లకో ఇవ్వండి. రంగు తప్పని దానికి చెప్పనక్కర్లేదు.